ఒళ్లు వంచితే ఇంగ్లిష్

"స్టాండప్!"

నతానియేల్ సార్ అరుపుకు పదకొండు మంది తండ్రులు లేచి నిలబడ్డారు.

"టర్న్ రౌండ్!"

పదకొండు పొట్టలు గోడవైపు తిరిగాయి.

మారేడ్‌పల్లిలో టైలర్ షాపు పైగదిలో నడిచే ఇంగ్లిష్ క్లాసు అది. పుస్తకం లేదు, రాత లేదు. సార్ చెబుతాడు, వీళ్లు చేస్తారు. అంతే.

"సార్, మాట్లాడుడు ఎప్పుడు షురూ జేస్తం?" అన్నాడు రాఘవేందర్.

నేరేడ్‌మెట్‌లో అతనికి సొంత పిండిగిర్నీ ఉంది. అక్కడ బస్తీ అంతా డబ్బాలు పట్టుకుని అతని కోసం నిలబడుతుంది. ఇక్కడ నిలబెడితే నిలబడుతున్నాడు, కూర్చోబెడితే కూర్చుంటున్నాడు.

"పసిపిల్ల ముందే మాట్లాడుతుందా? అమ్మ చెప్పింది వింటుంది, చేస్తుంది. భాష ముందు ఒంటికి పట్టాలయ్యా, నోటికి తర్వాత. క్లోజ్ ద డోర్!"

రాఘవేందర్ పోయి తలుపు మూశాడు.

ఇదంతా కూతురి కోసం. సైనిక్‌పురిలో పేరున్న బడి ఒకటుంది. అందులో ఎల్‌కేజీ సీటు కావాలంటే పిల్లను కాదు, తండ్రిని పరీక్షిస్తారు. తండ్రికి ఇంగ్లిష్ రాకపోతే పిల్లకు తెలివి లేనట్టు లెక్క. తను చదివిన రేకుల బడి ముఖం కూతురు చూడకూడదని రాఘవేందర్ పంతం.

ఇంట్లో, క్లాసులో విన్నవి అతను చెప్పగా తెలుగులో రాసుకున్న కాగితం చూసి భార్య రజిత చదివేది. "ఓపెన్ ద విండో" అంటే కిటికీ తీశాడు. "బ్రింగ్ వాటర్" అంటే నీళ్లు తెచ్చాడు.

"పెండ్లైన ఏడేండ్లకు ఒక్క గిలాస నీళ్లిచ్చినవ్. ఈ ఇంగ్లిష్ మంచిగనే ఉన్నదయ్యా!"

"నవ్వకే. ఇంటర్వ్యూల ఏదన్న సవాల్ అడిగితే ఏం జెయ్యాలె? గదే పరేషాన్."

మర్నాడు సార్ ఆ చిక్కునూ తేల్చేశాడు. "నవ్వి తలూపు. చాలు."

ఇంటర్వ్యూ రోజు టైలు కట్టుకున్న తండ్రులు వరండాలో ఒకరికొకరు ఇంగ్లిష్ వడ్డించుకుంటున్నారు. రాఘవేందర్ ఒక్కడే టై లేకుండా ఓ మూల కూర్చున్నాడు. పిలుపు రాగానే లోపలికి వెళ్లాడు.

ప్రిన్సిపల్ శ్రీలలిత ఫోనులో మాట్లాడుతూనే, తలెత్తకుండా, "క్లోజ్ ద డోర్" అంది. మూశాడు. "స్విచాన్ ద ఫ్యాన్." వేశాడు. "కీప్ దీజ్ ఫైల్స్ దేర్." పెట్టాడు. ఒక్క తప్పు పోలేదు.

ఆమె ఫోను పెట్టేసి అతన్ని తేరిపార చూసింది. ఏదో పొడుగాటి ప్రశ్న వేసింది. నవ్వి తలూపాడు. ఇంకోటి వేసింది. ఇంకా గట్టిగా ఊపాడు. ఆమె ముఖం వికసించింది. కాగితం ఒకటి ముందుకు జరిపింది.

"సైన్ హియర్."

పెట్టాడు.

మూడోనాడు బడి నుంచి క్లర్కు ఫోను చేశాడు. "సెలెక్షన్ అయిపోయింది. సోమవారం వచ్చి యూనిఫారం తీసుకోండి."

రజిత బస్తీలో గడపగడపకూ పేడాలు పంచింది. రాఘవేందర్ గిర్నీ ముందు మీసం దువ్వాడు.

"టైలు గట్టుకున్నోళ్లు మాట్లాడుకుంటనే ఉన్నరు. మనం జేసి సూపెట్టినం!"

సోమవారం పాపకు రెండు జడలు వేసి ముగ్గురూ బడికి వెళ్లారు. క్లర్కు చేతిలో ప్యాకెట్ ఉంది. వాళ్లను చూసి బొమలు ముడిచాడు.

"పాపనెందుకు తెచ్చారు?"

"మరి సైజు సూడొద్దా సార్?" రజిత నవ్వింది.

క్లర్కు ప్యాకెట్ విప్పి, చొక్కా తీసి, రాఘవేందర్ భుజాలకు ఆనించి చూశాడు.

అటెండరు ఖాకీ చొక్కా అతనికి సరిగ్గా సరిపోయింది.