గొట్టంలో ఆగిన గుండు

“ఆపమ్మా! కాల్చకు!”

వెనక కుర్చీలోంచి వచ్చిన ఆ కేకకి జయంతికి ఒళ్లు మండిపోయింది.

వెయ్యి గజాల అవతలి గురిని తుపాకీతో కొట్టే పోటీ. టెక్సస్ జట్టులో చివరి చోటు ఇవాళే తేలాలి. ఆ చోటు కోసమే ఆమె ప్లేనో నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చింది. గురి బాగా కుదిరిన వేళ ఈయన గోలేమిటి?

అక్కడ ముందు కాల్చేసినవాళ్లు వెనక కూర్చుని, తర్వాతివాళ్ల స్కోర్ చూడటం ఆనవాయితీ. అలా కూర్చున్నాడు శశికాంత్, హ్యూస్టన్ నుంచి వచ్చిన పెద్దాయన.

“ఏంటంకుల్? నా టైం పోతోంది!”

“ఇందాకటిది టప్‌మంది, ఢాం అనలేదు. గొట్టం చూపించు.”

“తూటాల్లో మందు నేనే నింపుకున్నానండీ, ఒక్కొక్కటీ తూచి మరీ!”

“తూచే ఉంటావు. అయినా చూపించు.”

పోటీ నడిపించే రేంజ్ ఆఫీసర్ కాల్పులు ఆపించి, గొట్టంలోకి సన్నటి కడ్డీ దించింది. అది చివరిదాకా పోలేదు.

ఆ తూటాలో మందే పడలేదు. గుండు లోపలే ఇరుక్కుంది. దాని వెనక ఇంకోటి కాల్చి ఉంటే గొట్టం మొహం మీదే పగిలేది.

జయంతికి అప్పుడు గుర్తొచ్చింది. గ్యారేజీలో మందు నింపుతుంటే ఆఫీస్ కాల్ వచ్చింది. ఓ చెవి అటు పడేసి పని కానిచ్చింది, మహా తెలివి!

“సారీ అంకుల్. నోరు జారాను.”

“కళ్లు దక్కాయి, చాలు. ఇంకా కాల్చాల్సినవి ఉన్నాయిగా?”

“దేంతో కాల్చను? ఇక ఇంటికే.”

ఆయన తన తుపాకీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు, తూటాల డబ్బాతో సహా.

ఎవరి తుపాకీకి తగ్గట్టు వాళ్లు నెలల తరబడి కుదుర్చుకునే తూటాలవి. వాటిని ఎవరూ ఎవరికీ ఇవ్వరు.

రేంజ్ ఆఫీసర్ ఆయన వంక అదోలా చూసింది. “బాగా ఆలోచించుకున్నారా?”

“టైం మొదలుపెట్టండి,” అన్నాడాయన.

మొదటిది కాస్త పక్కకి పోయింది. మిగతావన్నీ నట్టనడుమే పడ్డాయి. గెలిచింది!

ఆ సంబరంలో నలుగురూ చుట్టుముట్టారు. వాళ్ల నుంచి విడిపించుకునేసరికి ఆయన తుపాకీ సర్దుకుని ట్రక్కులో కూర్చున్నాడు.

“జట్టు పేరు నిలబెట్టాలమ్మా!” అని చెయ్యూపి వెళ్లిపోయాడు.

“ఎంత మంచాయనండీ! ఇంతకీ ఎవరాయన?” అంది జయంతి.

రేంజ్ ఆఫీసర్ బోర్డు దగ్గరికి నడిచి, జట్టులో ఆఖరున ఉన్న శశికాంత్ పేరు తుడిచి, అక్కడ జయంతి అని రాసింది.