పీఠం మీద పెట్టింది

"అక్కడ పెట్టకమ్మాయ్" అంది ఇస్త్రీ పెద్దమ్మ.

వంటావిడ ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. ఒక చేతిలో పూలకుండీ ఉందని, రెండో చేతిలోని తాళాలగుత్తిని ఒక్క క్షణం బలిపీఠం మీద పెట్టబోయింది, అంతే.

"తాళాలే కదా పెద్దమ్మా."

"ఏదైనా సరే. అక్కడ పెట్టింది మళ్ళీ మనది కాదు."

"అయితే వంటగది తాళం పోయినట్టే. ఫాదర్లంతా ఇవాళ పస్తే."

పెద్దమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వంటావిడ చర్చి పక్కన ఫాదర్ల ఇంట్లో పనికి కుదిరి నెల కూడా కాలేదు. పెద్దమ్మ మాత్రం ఏళ్ళ తరబడి చర్చి బట్టలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేస్తోంది. కళ్ళు మూసుకుని కూడా పీఠం మీద గుడ్డ పరచగలదు. అలాంటిది ఇవాళ పరిచిన గుడ్డను తీసి మళ్ళీ పరిచింది. అంచులు చూసుకుని మళ్ళీ తీసింది.

"ఏంటి పెద్దమ్మా, చేతులు కుదురుగా లేవు?"

"మావాడు వస్తున్నాడు."

"మీకు కొడుకున్నాడా? చెప్పనేలేదే. ఎక్కడుంటాడు?"

పెద్దమ్మ లేని ముడతను అరచేత్తో సాపు చేసింది. "ఇచ్చేశాను."

"ఇచ్చేశారా? దత్తతకా?"

"అడిగారు. ఇచ్చాను."

వంటావిడ కుండీ కింద పెట్టి మెట్టు మీద చతికిలబడింది. ఆమె కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక్క పూట ఫోన్ రాకపోతే కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ ఆమెకు గుర్తుండదు.

"ఉన్నవాళ్ళేనా?"

"వాళ్ళకేం లోటు?"

"పిల్లల్లేరేమో పాపం."

"లేకేం, బోలెడుమంది."

"మరి మీకున్న ఒక్కణ్ణీ లాక్కోవడం ఎందుకట?"

"నేనూ అదే అడిగాను. చాలా రోజులు పోట్లాడాను. వాడే వెళ్తానన్నాడు."

"వాడికైనా ఉండొద్దూ? ఒక్కగానొక్క అమ్మని వదిలేసి ఎలా వెళ్ళబుద్ధయింది?" వంటావిడకు ముక్కూ మొహం తెలియని ఆ పిల్లాడి మీద ఒళ్ళు మండుకొచ్చింది. "ఈ పూట ఇంటికైనా వస్తాడుగా?"

"రావద్దని కబురు పెట్టాను."

"అదేం మాట పెద్దమ్మా?"

"మూడేళ్ళయింది వాణ్ణి చూసి. ఇంటికొస్తే పట్టుకుంటాను. పట్టుకుంటే వదలను. ఈసారి మరీ దూరం వెళ్తున్నాడు, మళ్ళీ ఎప్పటికొస్తాడో." పెద్దమ్మ గుడ్డ అంచు లాగి సరిచేసింది. "రాడని తెలుసు. అయినా పొద్దున్నే లేచి వాడి మంచం దులిపాను, దుప్పటి మార్చాను. చేతులు వింటాయా?"

వంటావిడ కుండీలో పూలు ఊరికే అటూ ఇటూ సర్దింది.

"పూజకి ఇక్కడికే వస్తాడు" అంది పెద్దమ్మే మళ్ళీ. "పదిమందిలో ఒకదాన్నయి చూసుకుంటాను. నా దగ్గర ఆగొద్దు, నన్ను విడిగా పలకరించొద్దు అని కూడా చెప్పించాను. ఇచ్చేశాక సగం నాదనకూడదు."

"మీరు ఊరుకోండి. ఆనవాలు చెప్పండి చాలు, రెక్క పట్టుకుని తెచ్చి మీ ముందు నిలబెడతాను."

"కుడి మణికట్టు మీద మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు నా ఇస్త్రీపెట్టె ముట్టుకున్నాడు."

పూజ మొదలయ్యేసరికి చర్చి నిండిపోయింది. ఆ చర్చి పెద్ద ఫాదర్‌గారికి గొంతు పట్టేయడంతో పీఠం దగ్గరికి బయటి ఫాదర్ వచ్చారు. కుర్రాడే, పుల్లలా ఉన్నాడు. పెద్దమ్మ ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగుచేతుల అంగీ ఆయన్ని సగం మింగేసింది. ఈయన నాలుగు ముద్దలకు మించి తినడు, వండిన కూరంతా మిగిలిపోయేలా ఉంది అనుకుంది వంటావిడ. ఆ తర్వాత ఆయన్ని పట్టించుకోలేదు. ఆమె చూపంతా మగవాళ్ళ మణికట్ల మీదే. ఒకడికి పలక లాంటి గడియారం. ఒకాయన చేతులు కట్టుకుని విప్పడే. ఖరీదైన చొక్కావాడొకడు కనిపించి ఆశపడింది గానీ, మచ్చ లేదు.

ప్రసాదం కోసం వరుసలో నడుస్తూ కూడా ఆమె వెనక్కే చూస్తోంది.

"క్రీస్తు శరీరం" అన్నారు ఫాదర్, అప్పం ఎత్తి చూపిస్తూ.

ఆమె ఇంకా తల తిప్పలేదు.

"క్రీస్తు శరీరం" అన్నారాయన, ఈసారి కాస్త గట్టిగా. వంటావిడ నాలుక కరుచుకుని "ఆమెన్" అని చేయి చాపింది.

వరుసలో అందరికన్నా చివర పెద్దమ్మ. వంటావిడ తన చోటికి తిరిగొచ్చి చూసేసరికి ఫాదర్ చేయి గాల్లోనే ఆగి ఉంది. పెద్దమ్మ నోట ఆమెన్ రావడానికి చాలాసేపు పట్టింది. వయసైపోయింది పాపం అనుకుంది వంటావిడ.

పూజ కాగానే గుమ్మంలో కారు ఆగింది. భోజనానికి టైం లేదని కుర్ర ఫాదర్ మంచినీళ్ళు తాగి ఎక్కేశారు. జనం చెదిరిపోయారు. వంటావిడ విసురుగా చర్చిలోకి వచ్చింది. పెద్దమ్మ ఒక్కతే పీఠంగుడ్డ తీస్తోంది.

"చూశారా పెద్దింటి బుద్ధులు? రమ్మంటే రారు, రావద్దంటే అసలే రారు."

"వచ్చాడమ్మాయ్."

"ఎప్పుడు? నేను ఒక్కొక్కడి మణికట్టూ చూశాను."

"వచ్చాడు. కాస్త చిక్కాడు."

"మరి మాట్లాడాడా? నోరారా అమ్మా అన్నాడా?"

పెద్దమ్మ గుడ్డను మడత మీద మడత వేసి గుండెకు ఆనించుకుంది.

"'క్రీస్తు శరీరం' అన్నాడు."