ఇప్పపూలు ఆరబోసిన దారి

దగ్గరికి జరగండి తల్లీ, వెనకున్న అయ్యలకూ వినపడాలి. భగవంతుడు దాహాన్ని కాళ్లు చూసి ఇవ్వడు కదా.

ఒక అడవిలో వాగులన్నీ ఎండిపోయి, కొండమీది రాతి దొనలో మాత్రమే నీళ్లు మిగిలాయి. దానికి కోతులు కాపలా. మెట్లెక్కలేని జీవాలకు వాలుదారి ఉండి తీరాలని సింహం ఆజ్ఞ వేసింది. కోతులు దారి వేశాయి. ఎండ బాగా తగులుతోందని దాని నిండా ఇప్పపూలు ఆరబోశాయి. తనిఖీకొచ్చిన గద్ద పైనుంచే చూసి, "దారి ఉంది" అని ఎగిరిపోయింది.

ఒక పొద్దున, ఉచ్చులో ముందుకాలు పోగొట్టుకున్న లేడి దేక్కుంటూ వచ్చింది.

"మామా, నాలుక పిడచగట్టింది. ఈ పూల మీద జారిపోతున్నాను, కాస్త పక్కకు తోస్తావా?"

"నీ ఒక్కదాని కోసం అన్నీ ఎత్తాలా కోడలు పిల్లా? సాయంత్రానికి ఎండుతాయి, కూర్చో" అంది పెద్దకోతి. "ఎలాగూ పరిగెత్తే పని లేదుగా నీకు."

లేడి ఆ ఎండలోనే కూర్చుంది.

పొద్దు వాలాక కోతులు పూలెత్తి, దారి శుభ్రంగా ఊడ్చాయి. "ఇక ఎక్కవే" అని పిలిచింది పెద్దకోతి. లేడి లేవలేదు. దొనవైపు తెరిచి ఉన్న కళ్లమీద ఈగలు వాలుతున్నాయి.

మర్నాడు గద్ద మళ్లీ వచ్చింది. పెద్దకోతి ఖాళీ దారి చూపించింది.

"వేయమన్నారని వేశాం స్వామీ. వాడేవాళ్లే లేరు."

గద్ద ఆ మాటే సింహానికి చెప్పింది.