చెవిలో చూపిన సినిమా

"మాయపక్షి వాలింది. రాకుమారుడి కళ్ళల్లో వెలుగుపువ్వు పసరు పిండుతోంది," అక్క తమ్ముడి చెవిలో గుసగుసగా చెప్పింది.

తెర మీద మాటల్లేవు, సంగీతమొక్కటే. తమ్ముడికి కళ్ళు పోయాక, ఈ సినిమాకి మూలమైన నవల చదివి వినిపించింది అక్కే. పుస్తకం పూర్తయిన రోజు అతను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"చూపొచ్చిందా?"

"వచ్చేసిందిరా! పక్షిని చూసి నవ్వుతున్నాడు."

హాలంతా ముక్కులు ఎగబీల్చుకుంటున్న చప్పుడు.

"మరి జనం ఏడుస్తున్నారేంటి?"

"ఆనందం పట్టలేక."

వెనక సీట్లో ఒకావిడ వెక్కుతూ భర్తతో అంది: "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే తీశారండీ. పాపం, అంత చేసినా ఆ పిల్లాడికి చూపు రానేలేదు."

తమ్ముడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "అదేంటండీ! నవల్లో వస్తుంది కదా?"

"ఎక్కడ బాబూ? ఎన్నిసార్లు చదివానో. కడదాకా చీకటే."

అక్క అతని చెయ్యి పట్టుకుంది. "ఆ రాసినాయనకి జాలి లేదురా. అందుకే నేను..."

అతను చెయ్యి విడిపించుకోలేదు. నెమ్మదిగా అడిగాడు.

"మొన్న డాక్టరు నిన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. వచ్చే ఏడాదికి చూపొచ్చేస్తుందన్నాడని బయటికొచ్చి చెప్పింది కూడా నువ్వే కదక్కా?"



కుర్చీలు టపటపా మూసుకుంటున్నాయి. జనం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు.

"లైట్లు వేశారా?"

"వేశార్రా."

"ఇదైనా నిజమేనా?"