సున్నం గీత

మేస్త్రీ గీసిన సున్నం గుండ్రం మధ్యలోంచి ముసలామె కుడితి బకెట్టు పట్టుకుని తాపీగా నడిచి గొడ్ల పాకలోకి వెళ్లిపోయింది. గీత రెండు చోట్ల చెరిగింది.

మేస్త్రీ సున్నం డబ్బా కింద పెట్టి, పక్కనే తనూ చతికిలబడ్డాడు. పొద్దున్నుంచీ ఇదే వరస.

"పెద్దమ్మా, చెప్పి చెరిపినా బాగుండేది" అన్నాడు.

"అది నా దారి నాయనా. దారిలో గొయ్యి తవ్వుతానంటే ఊరుకుంటానా?" పాకలోంచి జవాబొచ్చింది.

ముసలామె కొడుకు టేపు చుట్టుకుంటూ నిట్టూర్చాడు. "గోబర్‌గ్యాస్ కావాలని ఆర్నెల్లు నా బుర్ర తిన్నది నువ్వే కదమ్మా! తీరా మేస్త్రీ వచ్చాక ఈ పేచీ ఏంటి?" గట్టిగా కోప్పడే ఓపిక కూడా అతనికి లేదు.

"గ్యాసొద్దన్నానా? ఆ చోటొద్దన్నా."

ఇది మూడో చోటు. మొదట నీళ్ల తొట్టి దగ్గర గీస్తే, నీళ్లకి వెళ్లే దారి అంది. రెండోది చెట్టు పక్కన. అక్కడ వేళ్లు గ్యాసు నిలిచే డోమును పగలగొడతాయని, ఎండ లేకపోతే పేడ సరిగా పులియదని మేస్త్రీయే మానుకున్నాడు. ఇక మిగిలింది వంటింటికీ పాకకీ నడుమ ఉన్న ఈ జాగా. ఇటు పేడ దగ్గర, అటు పొయ్యి దగ్గర. ఇంతకంటే మంచి చోటు ఎవరు చూపిస్తారు?

వంటింట్లో దగ్గు మొదలైంది. ఆగకుండా సాగి, గడప దాటి బయటికొచ్చింది. దాని వెనకే కోడలు. కళ్లు పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"అత్తయ్యా, రేపట్నుంచి మేస్త్రీకి వేరే పని ఉందంట. ఇవాళ తేలకపోతే మళ్లీ వానలు తగ్గాకే. ఈ ఏడు కూడా నన్ను తడికట్టెలు ఊదమంటారా?"

ముసలామె పాక గుంజ పట్టుకుని నిలబడింది. "పొగ సంగతి నాకు చెప్తున్నావా? నలభై ఏళ్లు ఊదానే ఆ పొయ్యి" అంది మెల్లగా.

మేస్త్రీకి ఆశ పుట్టింది. జేబులోంచి మడతల కాగితం తీసి ఆమె ముందు పట్టాడు. "ఇదిగో పెద్దమ్మా, ఇల్లు, పాక, తొట్టి, అన్నీ వేశాను. గొయ్యి ఎక్కడో మీరే వేలు పెట్టండి."

ఆమె కాగితం ముట్టుకోలేదు. "కాగితం మీద గొయ్యి కాగితానికే. నేల సంగతి నన్నడుగు. పాక వెనక, కంచె వైపు తవ్వు. అక్కడ పొద్దున చెంపకి తగిలిన ఎండ సాయంత్రం దాకా వదలదు. నేల చేను వైపు వాలు, పేడనీళ్లు వాటంతటవే పోతాయి. అటు మనిషి మసిలేది లేదు."

"పైపు పొడుగైపోతుంది కదా!"

"ఎంతని? వంటింటి గడప నుంచి ఈ గుంజ దాకా ఇరవై రెండు అంగలు. ఇక్కణ్ణుంచి ఇంకో పద్నాలుగు. నా అంగలే, నీవి కావు."

మేస్త్రీ నమ్మక, ముందు ఆమె అంగను, తర్వాత దూరాన్ని టేపు పెట్టి కొలిచాడు. జానెడు తేడా రాలేదు.

"టేపు మింగారా పెద్దమ్మా? అయినా దూరమే."

"నడిచేది పైపు. నీకెందుకు కాళ్లనొప్పులు?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వులో మళ్లీ దగ్గొచ్చింది. కొడుకు పార అందుకుని పాక వెనక్కి నడిచాడు.

నాలుగో గుండ్రం పడింది. "ఇదైనా చెరపకుండా ఉంచండి తల్లీ!" మేస్త్రీ అటునుంచి కేకేశాడు.

"అటు నాకేం పని?"

గునపం దిగిన చప్పుడు వినిపించేదాకా ముసలామె అక్కడే ఉంది. తర్వాత ఖాళీ బకెట్టుతో వంటింటి వైపు బయల్దేరింది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై రెండో అంగ దగ్గర ఆగి, కాలి బొటనవేలితో గడపను తడిమింది.

పొగకి రెండు కళ్లూ పోయాయని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.