ఎదురు తన్నిన ఇంజను

ఆ ఆదివారం సంతోష్‌నగర్‌లోని ఆ ఇంట్లో ముగ్గురున్నారు. ఇంటాయన గోపాలకృష్ణమూర్తిగారు, ఆయన భార్య సీతారావమ్మ, ఆయన ఆఫీసులో పై అధికారి ఆదిశేషయ్యగారు. వాకిట్లో ఇంకో ఇద్దరు: మెకానిక్ దుర్గయ్య, అతని పదిహేనేళ్ల కూతురు కళావతి. వాళ్ల ముందు బానెట్ ఎత్తిన ఎర్ర కారు. రెండే సీట్లున్న, ఇరవై ఏళ్ల నాటి విలాయతీ బండి.

మూర్తిగారు కారులో కూర్చుని స్టార్టరు పిడి లాగారు. ఇంజను అర చుట్టు తిరిగి, ‘ఠక్’మని వెనక్కి తన్ని ఆగిపోయింది.

"ఇదీ వరస!" అన్నారు మూర్తిగారు కారులోంచే. "ఒకడు బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు స్టార్టరే మార్చాడు. ఆ కొత్తదానికీ అప్పుడే రెండు పళ్లు విరిగాయి."

"జర ముంగటికొచ్చి చెప్పుండ్రి సార్," అన్నాడు దుర్గయ్య.

మూర్తిగారు దిగి, ఎదురుగా వచ్చి, మళ్లీ అంతా చెప్పారు. "ఎదురుగా నిలబడితే గానీ మాట్లాడడండీ. మర్యాదస్తుడు," అన్నారు ఆదిశేషయ్యగారితో.

అరుగు మీద కూర్చున్న ఆదిశేషయ్యగారు బుగ్గన కిళ్లీతో, గుబురు మీసాల కింద నుంచి, "సాయంత్రానికి అవుతుందా?" అన్నారు.

దుర్గయ్య కూతురి వైపు చూశాడు. కళావతి తల వంచుకుని, తండ్రి ముంజేతి మీద వేలితో ఏదో రాసింది.

"ఇయ్యాలనే అయితది సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

"ఆ పిల్ల మగవాళ్ల ముందు పెదవి విప్పదు," అని నవ్వింది గడపలో నిలబడ్డ సీతారావమ్మ. "ఏం చెప్పాలన్నా వాళ్ల నాన్న చేతి మీద రాయడమే. పల్లెటూరి సిగ్గు."

ఆదిశేషయ్యగారు ఊరికే రాలేదు. ఆఫీసు జీపులు చూసే మెకానిక్ ఉద్యోగం ఖాళీగా ఉంది. మూర్తిగారు దుర్గయ్య పేరు చెప్పారు. పని చూసి తేలుస్తానని ఆయన వచ్చారు. దబీర్‌పురా స్టేషను పక్కనున్న షెడ్డును దుర్గయ్య నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఈ ఉద్యోగం రాకపోతే తండ్రీకూతుళ్లు ఊరికి పోయి కూలి చేసుకోవడమే.

"జీపులంటే మాటలు కాదు మూర్తీ. ఇంజను చప్పుడు పట్టే చెవి కావాలి," అన్నారు ఆదిశేషయ్యగారు.

"అదే చెబుతున్నా సార్. ఇతని షెడ్డు పక్కన రైలు కూత పెడితే నేను ఎగిరి పడ్డాను. ఇతను తలైనా తిప్పలేదు. అంత ధ్యాస! మూడేళ్ల కిందట షెడ్డులో గాలి ట్యాంకు పక్కనే పేలిందట. ఒంటి మీద గీత పడలేదు. జాతకుడు."

దుర్గయ్య నిప్పురవ్వను పుట్టించే కాయిల్ తీగ ఊడదీశాడు. అరచెయ్యి ఇంజనుకు ఆన్చి, "ఇప్పుడు కొట్టుండ్రి సార్," అన్నాడు.

మూర్తిగారు పిడి లాగారు. ఇంజను గిరగిరా తిరిగింది. తన్నలేదు.

"చూసిండ్రా? నిప్పురవ్వ లేకుంటే మంచిగ తిరుగుతున్నది. స్టార్టర్ది తప్పు లేదు, బ్యాటరీది తప్పు లేదు. రవ్వ జల్ది పడుతున్నది. పిస్టన్ పైకి ఎక్కకముందే మంట అంటుకొని కిందికి తంతున్నది. మెట్లెక్కెటోన్ని నడుమల తన్నినట్టు."

ఆదిశేషయ్యగారు కిళ్లీ నమలడం ఆపారు.

దుర్గయ్య రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల రెండు చిన్న బరువులు. వాటిని పట్టి ఉంచే స్ప్రింగుల్లో ఒకటి తెగిపోయింది.

"బండి ఉరికేటప్పుడు రవ్వను ముందుకు జరిపేటియి ఇవి. స్ప్రింగు తెగి, నిలబడ్డప్పుడు గూడ ముందుకే ఉన్నయ్." బిస్కట్ల డబ్బాలోంచి చిన్న స్ప్రింగొకటి వెతికి తీశాడు.

సీతారావమ్మ టీ గ్లాసులతో వెనక నుంచి వచ్చింది. "దుర్గయ్యా, టీ... దుర్గయ్యా!" అతను తిరగలేదు. కళావతి గ్లాసు అందుకుని తండ్రి భుజం తాకింది.

"పనిలో పడితే ఒళ్లు తెలియదు కదే మీ నాన్నకి? నువ్వెంతవరకు చదివావు?"

"ఏడు."

"మరి మానేశావేం?"

"బాపు కోసం."

వండిపెట్టడానికి కాబోలు అనుకుంది సీతారావమ్మ. "ఉద్యోగం వస్తే మళ్లీ బడికి పోదువుగానిలే."

కళావతి తండ్రి తాగిన గ్లాసు అందుకుని ఆమెకిచ్చింది.

స్ప్రింగు తగిలించి, కాయిల్ తీగ పెట్టాక ఇంజను ఒక్క లాగుడుకే అందుకుంది. మూర్తిగారు యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం సన్నగా టిక్కుటిక్కుమంది; రవ్వ ఇంకా కాస్త ముందే పడుతోంది. దుర్గయ్య చెయ్యి డిస్ట్రిబ్యూటర్ మీద ఉంది, చూపు కూతురి మీద. కళావతి కళ్లు మూసుకుని వేలెత్తింది. అతను వెంట్రుకవాసి తిప్పాడు. వేలు దిగలేదు. ఇంకాస్త తిప్పాడు. టిక్కు ఆగింది. వేలు ముడుచుకుంది. బోల్టు బిగించాడు.

"పిల్లకీ పని నేర్పుతున్నాడు సార్," అన్నారు మూర్తిగారు మెచ్చుకోలుగా.

ఆయన పదిసార్లు ఆపి పదిసార్లు స్టార్ట్ చేశారు. ఒక్కసారీ తన్నలేదు.

"దొరికాడయ్యా మనిషి!" ఆదిశేషయ్యగారు లేచారు. "రా లోపలికి. నాలుగు ప్రశ్నలడిగి కాగితం రాసేస్తాను."

కళావతి వేలు తండ్రి చేతి మీద గబగబా కదిలింది. దుర్గయ్య మొహం వెలిగింది. చేతులు తుడుచుకుని ఆయన వెంట ముందు గదిలోకి నడిచాడు. కళావతి అతని వెనకే వెళ్లింది.

"నువ్వెక్కడికే? ఉద్యోగం మీ నాన్నకా, నీకా?" అని నవ్వుతూ ఆదిశేషయ్యగారు ఆమె మొహం మీద తలుపు వేశారు.

లోపలి నుంచి కిళ్లీ నోటి మాట వినిపించింది: "ఏ ఊరయ్యా మీది?"

జవాబు రాలేదు. ఆ గుబురు మీసాల కింద పెదవుల కదలిక దుర్గయ్యకు కనబడదు. కళావతి వేలు మూసిన తలుపు మీద ‘ఊరు’ అని రాసింది.

మూడేళ్లుగా దుర్గయ్యకు చెవులు ఆ పిల్లే.