సాయిలు జోస్యం

మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ సీజన్ పూర్తిగా జరుగుతుందా అని ఎవరు అడిగినా, ఎల్లారెడ్డి గ్రౌండ్ కమిటీ పెద్ద సాయిలుది ఒకటే జోస్యం.

"ఆడపిల్లల ఆట. నడుమనే ఆగిపోతది, రాసుకో."

పది మ్యాచ్‌లూ జరిగితేనే కామారెడ్డి జట్టు కెప్టెన్ అనిలకు వచ్చే ఏటి కాంట్రాక్టు. తొమ్మిది జరిగాయి. ఆఖరిది ఎల్లారెడ్డిలో.

ఆ పొద్దున జట్టు వచ్చేసరికి కోర్టు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. సాయిలు వాటిని కాళ్లతో తిరగేస్తున్నాడు.

"నేను చెప్పలే బిడ్డా? నా మాట తప్పదు."

"వడ్లు ఎవరియి కాకా?"

"నాయే. ఇంక నాలుగు రోజులు ఎండాలె."

అనిల బూట్లు విప్పింది.

"నేను గూడ జోస్యం చెప్త కాకా. అర్ధగంటల ఇవి సంచులల్ల ఉంటయి."

పన్నెండు మందీ వడ్లు ఎత్తడం మొదలుపెట్టారు.

"గింజ పోకుండ ఎత్తుండ్రి!" అంటూ సాయిలే సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.